హనన్యా రెండేళ్లన్నాడు, యిర్మీయా డెబ్బై ఏళ్లన్నాడు

కష్టంలో ఉన్న విశ్వాసికి మనం ఎక్కువగా పంపే వాక్యాల్లో యిర్మీయా 29:11 ఒకటి. ‘సమాధానకరమైన ఉద్దేశములేగాని హానికరమైనవి కావు’ అన్న మాట ఫోన్ స్టేటస్‌లలోనూ, గోడ మీది ఫ్రేముల్లోనూ కనిపిస్తూనే ఉంటుంది. ఉద్యోగం పోయినవాళ్లకూ, పరీక్ష తప్పినవాళ్లకూ అదే పంపుతాం. పంపడంలో తప్పు లేదు. కానీ ఆ మాట ఎవరికి రాసిన ఉత్తరంలో ఉందో, దానికి ముందు ఏముందో చదివితే ఆదరణ అంటే ఏమిటో కొత్తగా అర్థమవుతుంది.

క్రీ.పూ. 597లో బబులోను రాజు నెబుకద్నెజరు యెరూషలేము నుంచి రాజును, అధికారులను, కమ్మరులు మొదలైన పనివాళ్లను చెరపట్టి తీసుకుపోయాడు. కొన్నేళ్లకు హనన్యా అనే ప్రవక్త దేవాలయంలో అందరి ముందూ లేచి, రెండేళ్లలో వాళ్లంతా తిరిగొస్తారని ప్రకటించాడు. బబులోనుకు లోబడాలన్న దేవుని మాటకు గుర్తుగా ప్రవక్త యిర్మీయా మెడ మీద వేసుకున్న కాడిని తీసి విరగ్గొట్టాడు కూడా. యిర్మీయా మొదట దానికి ‘ఆమేన్’ అన్నాడు, అలాగే జరగాలని కోరుకున్నాడు. నాకు ఆ ఆమేన్ చాలా ఇష్టం. జనం బాధపడాలని ఆయనకేమీ లేదు. అయినా దేవుడు చెప్పింది వేరు. బబులోనులో ఉన్నవాళ్లకు యిర్మీయా రాసిన ఉత్తరంలో ఉన్న లెక్క డెబ్బై ఏళ్లు.

డెబ్బై ఏళ్లంటే ఆ ఉత్తరం చదివిన పెద్దవాళ్లలో చాలామంది తిరుగు ప్రయాణం చూడరు. అలాంటివాళ్లకు దేవుడు ఏం చెప్పాడు? ఇళ్లు కట్టుకోండి, తోటలు నాటి వాటి ఫలాలు తినండి, పిల్లలకు పెళ్లిళ్లు చేయండి, మీరున్న ఆ పట్టణం క్షేమం కోసం ప్రార్థించండి. మనం ఫ్రేము కట్టించుకున్న వాక్యం ఈ మాటల తర్వాతే వస్తుంది. అంటే ఆ నిరీక్షణ, కష్టం ఎప్పుడు తీరుతుందా అని తలుపు దగ్గర కూర్చున్నవాళ్ల కోసం కాదు. కష్టం ఉండగానే లేచి మొక్కకు నీళ్లు పోసేవాళ్ల కోసం.

హనన్యా మాట ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ‘ఈ నెలలోనే నీ సమస్య తీరిపోతుంది’ అని ఎవరో గట్టిగా చెబుతారు. నెల గడుస్తుంది, సమస్య అలాగే ఉంటుంది. అప్పుడు తప్పు చెప్పినవాళ్ల మీద పడదు. ‘నీ విశ్వాసం చాల్లేదు’ అని విన్నవాళ్ల మీదే పడుతుంది. అసలే నలిగి ఉన్న మనిషి మీద ఇంకో బరువు పెట్టడం ఇది. 13వ కీర్తన ‘ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు?’ అని దేవుణ్ణే అడుగుతుంది. ఆ ప్రశ్న ప్రార్థన పుస్తకంలోనే ఉన్నప్పుడు, దాన్ని అవిశ్వాసమని ఎలా అంటాం?

ప్రవక్త ఏలీయా సంగతి చూడండి. కర్మెలు కొండ మీద బయలు ప్రవక్తలపై అంత పెద్ద విజయం తర్వాత రాణి యెజెబెలు బెదిరింపుకు పారిపోయి, బదరీవృక్షం కింద పడుకుని, చావు కోరుకున్నాడు. దేవదూత వచ్చి ప్రసంగం చేయలేదు. లేచి తినమన్నాడు. నిప్పుల మీద కాల్చిన రొట్టె, ఒక కూజాలో నీళ్లు. ఆయన తిని మళ్లీ పడుకుంటే, దూత రెండోసారి లేపి తినిపించాడు. ‘ఇక్కడేం చేస్తున్నావు’ అన్న ప్రశ్న ఆ తర్వాతెప్పుడో, హోరేబు కొండ దగ్గర.

మా ఇంట్లో నెలల తరబడి జబ్బు మనిషిని చూసుకున్న రోజుల్లో ‘త్వరలో లేస్తారు’ అని చాలామంది అన్నారు. ప్రేమతోనే అన్నారు. కానీ నన్ను నిలబెట్టింది ఒక అక్క అన్న మాట: ‘ఈ రాత్రికి నేను కూర్చుంటాను, నువ్వు కాసేపు పడుకో.’ ఆ రాత్రి ఆమె వాక్యమేమీ చెప్పలేదు. తెల్లారి లేచాక నాకే ప్రార్థన చేయాలనిపించింది.

తొలి సంఘంలోని బర్నబా పేరుకు అర్థం ‘హెచ్చరిక పుత్రుడు’ అని మన బైబిల్లో ఉంది. ఈ రోజుల్లో హెచ్చరిక అంటే బెదిరింపులా వినిపిస్తుంది గానీ, అక్కడున్న గ్రీకు మాటకు ఆదరణ, ప్రోత్సాహం అనే అర్థాలున్నాయి. పరిశుద్ధాత్మను ‘ఆదరణకర్త’ అన్న మాటదీ అదే కుటుంబం. పక్కన నిలబడటానికి పిలవడం అన్నది దాని మూలంలో ఉంది. బర్నబా చేసిందీ అదే. విశ్వాసుల్ని హింసించిన సౌలు (తర్వాత పౌలు అని పిలిచింది ఇతన్నే) మారాడంటే యెరూషలేములో ఎవరూ నమ్మనప్పుడు, చేయి పట్టుకుని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లాడు. పంఫూలియలో సువార్త పని మధ్యలో వదిలేసి వెళ్లిన మార్కును మళ్లీ వెంట తీసుకెళ్దామన్నాడు. ఆ విషయంలో పౌలుతో తీవ్రమైన వాదం వచ్చి ఇద్దరూ విడిపోయారు. అయినా బర్నబా మార్కును వదల్లేదు.

చాలా ఏళ్ల తర్వాత పౌలు చెరసాల నుంచి తన జతపనివాడు తిమోతికి రాస్తాడు. కొందరు తనను విడిచి వెళ్లారు, లూకా ఒక్కడే దగ్గరున్నాడు. అప్పుడు ఆయన అడిగింది మార్కును, అతను తనకు ప్రయోజనకరమైనవాడని చెప్పి మరీ. త్రోయలో కర్పు దగ్గర వదిలి వచ్చిన అంగీ తెమ్మన్నాడు, పుస్తకాలు తెమ్మన్నాడు. చలికాలం రాకముందే వచ్చేయమన్నాడు. ఆ అంగీ తెచ్చే తిమోతి వెంట, ఒకప్పుడు వద్దన్న మార్కు కూడా నడిచి రావాలి.