2520 గురించి తిరుగుతున్న ఆ మెసేజ్‌లో ఏది నిజం, ఏది కాదు

మా విజయనగరం వాట్సాప్ గ్రూపుల్లో మళ్ళీ అదే ఫార్వర్డ్ తిరుగుతోంది. "1 నుంచి 10 దాకా అన్ని అంకెలతోనూ శేషం లేకుండా పోయే ఏకైక సంఖ్య 2520, కనిపెట్టింది మన రామానుజన్, వారానికి 7 రోజులు × నెలకి 30 రోజులు × 12 నెలలు గుణిస్తే వచ్చేదీ ఇదే, ఇందులో కాలరహస్యం దాగుంది" అని. ట్యూషన్ చెప్పుకునేవాణ్ణి, పిల్లలు ఫోన్ పట్టుకొచ్చి నిజమేనా మాస్టారూ అని అడుగుతున్నారు, అందుకే రాస్తున్నా.

ముందు ఆ "ఏకైక" తప్పు. 2520ని రెండుతో గుణిస్తే 5040, అదీ పదింటితోనూ పోతాది, మూడుతో గుణిస్తే 7560, అదీ పోతాది, అలగ ఎంత దూరమైనా వెళ్ళొచ్చు. 2520 ప్రత్యేకత ఏటంటే వాటన్నిట్లోకీ చిన్నది, బడిలో చెప్పే క.సా.గు. అన్నమాట. నిన్న సాయంత్రం ఎనిమిదో క్లాసు పాప చేత బోర్డు మీద చేయించాను. 8 కోసం 2ని మూడుసార్లు రాసింది, 9 కోసం 3ని రెండుసార్లు, తర్వాత ఒక 5, ఒక 7, ఇక 6కీ 10కీ కావలసినవి అందులోనే ఉన్నాయని ఆపేసింది. 72, 360, 2520.

ఇక రామానుజన్ సంగతి, నాకు బాధనిపించేది ఇక్కడే. 1 నుంచి 10 దాకా అన్నిటితోనూ పోయే సంఖ్య కొత్తదేం కాదు, క్రీస్తు పూర్వం నాలుగో శతాబ్దంలోనే గ్రీకు తత్వవేత్త ప్లేటో తన ఊహానగరంలో 5040 కుటుంబాలుండాలన్నాడు, కారణం ఇదే. రామానుజన్ 1915లో అచ్చేసిన పేపర్ దీనికన్నా చాలా లోతైనది. తనకన్నా చిన్న సంఖ్యలన్నిటికంటే ఎక్కువ కారణాంకాలున్న సంఖ్యలు ఎలా ఉంటాయి అన్నది అందులో ప్రశ్న. అలాంటి సంఖ్యలకి ఆయనేసిన పట్టికలో 48 కారణాంకాలతో 2520 ఒకటి, అంతే. పట్టికలో చివరిది 6746328388800, అంటే 6,74,632 కోట్ల 83 లక్షల 88 వేల 800. దాన్ని విడగొడితే 2 ఆరుసార్లు, 3 నాలుగుసార్లు, 5, 7 రెండేసిసార్లు, 11, 13, 17, 19, 23 ఒక్కోసారి వస్తాయి, ఏది ఎన్నిసార్లొచ్చిందో ఆ లెక్కకి ఒకటి కలిపి, అన్నీ గుణిస్తే 7×5×3×3×2×2×2×2×2, మొత్తం 10080 కారణాంకాలు. చిన్న ప్రధాన సంఖ్య ఎన్నిసార్లొస్తే పెద్దది అంతకు మించి రాదు చూడండి, అలగే ఎందుకుండాలో ఆయన నిరూపించాడు. కంప్యూటర్ లేని రోజుల్లో వందకి పైగా సంఖ్యల పట్టిక, అందులో తప్పిపోయింది ఒక్కటే, 293318625600. ఇంత పని చేసిన మనిషికి క.సా.గు. లెక్క అంటగట్టి పొగుడుతున్నారు!

కాలరహస్యం కూడా లేదు. గుణకారం కరెక్టే గానీ 30×12 అంటే 360, ఏడాది 365 రోజులు, మన పంచాంగం చాంద్రమానంలో సుమారు 354, అందుకే అధికమాసం పెడతారు. 30, 12, 7 విడగొడితే అవే 2లు, 3లు, 5, 7 వస్తాయి కాబట్టి కుదిరింది.

ఇదంతా అయ్యాక ఆ పాప "మరి 11, 12 కూడా కావాలంటే?" అంది. చెయ్యమన్నాను. 11తో గుణించి 27720 రాసి, 12తో భాగించి చూసుకుని, "పన్నెండుతో కూడా పోతోంది మాస్టారూ, దానికి నేనేటీ కలపలేదే" అని ఒక నిమిషం బోర్డుకేసి చూసి, ఆ మొదటి రెండు 2ల చుట్టూ, ఒక 3 చుట్టూ సున్నా చుట్టింది.