కంచుకు సులువు, జేడ్‌కు భారం

పురాతన కంచు పాత్రల రూపంలో జేడ్ అనే గట్టి రాతితో చేసిన చైనా పాత పాత్ర అమ్మకానికి వస్తే కొనేవాళ్లు ముందు దాన్ని తిరగేసి అడుగున ముద్ర చూస్తారు. చియెన్‌లుంగ్ చక్రవర్తి (పాలన 1736–1795) పేరు, పక్కన 'ప్రాచీన రీతి' అన్న అక్షరాలు కనిపిస్తే ధర ఎక్కడికో పోతుంది. నిజానికి ఆ పాత్ర మొత్తంలో అన్నిటికన్నా తేలికైన పని ఆ ముద్రే. కంచుకు సులువైన చోట రాయి ఎంత అవస్థ పడిందో చూడాలి.

మూడు వేల ఏళ్లకు పూర్వపు షాంగ్ రాజవంశ కాలంలో కంచు పాత్రలను మట్టి అచ్చు ముక్కల్లో పోతపోసేవారు. తావోతియె అనే మృగం ముఖం, దాని చుట్టూ ఉండే చదరపు సుడులు మెత్తటి మట్టిలోనే తయారయ్యేవి. అచ్చు ముక్కలు కలిసే చోట నిలువు పట్టీలు పెట్టి అతుకును కప్పేసేవారు. జేడ్‌లో అచ్చూ లేదు, అతుకూ లేదు. అయినా పట్టీ ఉండాల్సిందే! అది సెంటీమీటరు పైకి రావాలంటే చుట్టూ ఉన్న ఒళ్లంతా సెంటీమీటరు మేర అరగదీయాలి. ఖరీదైన రాయి అలా పొడైపోతుంది. 1759లో షిన్‌జియాంగ్ ప్రాంతం చియెన్‌లుంగ్ వంశమైన చింగ్ పాలకుల చేతికొచ్చి, అక్కడి ఖోటాన్, యార్కండ్ రాయి క్రమంగా ఆస్థానానికి చేరడం మొదలయ్యాకే ఇంత దుబారా సాధ్యపడింది.

ఈ జేడ్ నెఫ్రైట్ అనే రకం. దాని కాఠిన్యం 10 దాకా ఉండే మోస్ కొలతలో 6–6.5. లోపల పీచులు అల్లుకుని ఉంటాయి కాబట్టి ఉలి దెబ్బకు లొంగదు. కాలితో తొక్కితే తిరిగే ఇరుసుకు ఇనుప బిళ్ల బిగించి, తడి క్వార్ట్జ్, గార్నెట్ లేదా కురువిందం పొడితో అరగదీయాలి. కోసేది పొడే, ఇనుము దాన్ని మోస్తుందంతే.

అసలు కష్టం లోపలిది. గొట్టపు బరమాతో దింపి, మధ్యలో మిగిలిన దిమ్మెను విరిచి తీస్తారు. ఆపైన మెడ దాటి భుజం కిందికి వంపు తిరిగిన పనిముట్లు పోనివ్వాలి. బద్ధకించిన చేతిపని అక్కడే దొరికిపోతుంది. లోపల చిన్న టార్చి వేయండి: గోడ సమంగా ఉంటే వెలుగూ సమంగా వస్తుంది, భుజం దగ్గర మందం వదిలేసి ఉంటే అక్కడ చీకటి పడుతుంది.

సుడుల గీతలను 10 రెట్లు చూపే భూతద్దంలో చూడాలి. బిళ్ల గుండ్రంగా ఉంటుంది కాబట్టి గాడి మధ్యలో లోతుగా, చివర్లలో పైకి తేలుతుంది. మూలల్లో గీత కాస్త దాటిపోతుంది కూడా. అన్ని గాడులూ ఒకే లోతులో ఉండి, చివర్లు టక్కున ఆగితే కరెంటు పనిముట్టును అనుమానించాలి. గోధుమరంగు మరకను మాత్రం తొందరపడి దొంగ సరుకు గుర్తుగా తీసుకోవద్దు. పాతగా కనిపించాలని చింగ్ పనివాళ్లే రంగు వేసేవారు.

జేడ్‌తో కంచు రూపాలు చేయడం చింగ్ వారితో మొదలైందీ కాదు. షాంగ్ రాజధాని అన్‌యాంగ్‌లో 1976లో తవ్విన రాణి ఫూ హావో సమాధిలోనే గుయ్ అనే కంచు గిన్నె ఆకారంలో జేడ్ పాత్రలు బయటపడ్డాయి. కాకపోతే షాంగ్ ఆకారం మీద ఎన్నో శతాబ్దాల తర్వాతి నగిషీ కలిసి కనిపిస్తే, అది కేటలాగు బొమ్మలు చూసి చేసిన తర్వాతి కాలపు పనే.

రాయి ఏదో తేల్చడానికి కత్తితో గీయకండి. పొడిగా తూచి, నీళ్లలో వేలాడదీసి మళ్లీ తూచి, మొదటి బరువును ఆ తేడాతో భాగించండి. నెఫ్రైట్‌కు 2.9–3.1 వస్తుంది, జేడ్‌లా కనిపించే మెత్తటి రాయి సర్పెంటైన్‌కు 2.6 దగ్గర ఆగుతుంది. పాత్ర లోపల గాలి బుడగ చిక్కితే అసలైన నెఫ్రైట్ కూడా సర్పెంటైన్ లెక్కే చూపిస్తుంది.