టైరు మీమాంస: తిరుపతి శాఖ

తర్కం, వ్యాకరణం, మీమాంస వంటి శాస్త్రాలను ఇప్పటికీ పాఠం చెప్పే సంస్కృత విశ్వవిద్యాలయం ఉన్న ఊరు కావడం వల్ల, తిరుపతిలో ఏ కొత్త విద్య అడుగుపెట్టినా అది కొద్ది కాలంలోనే శాస్త్రంగా మారి, దానికొక పూర్వపక్షమూ, ఒక సిద్ధాంతమూ, ఒకరి ముఖం ఒకరు చూసుకోని రెండు శిష్యవర్గాలూ ఏర్పడటం సహజం. ఇటీవల ఆ గౌరవం పొందినది కంప్యూటర్ కార్ల పందేల వాస్తవికతా శాస్త్రం. బాలాజీ కాలనీ నుంచి కొర్లగుంట దాకా మిద్దె గదుల్లో, భోజనాల బల్లకు స్టీరింగు బిగించి, కాళ్లకు మేజోళ్లు తొడిగి, తలుపు లోపల గడియ వేసుకొని యువకులు ఈ శాస్త్రానికి చేస్తున్న సేవను పత్రికలు ఇంతవరకూ పట్టించుకోకపోవడం శోచనీయం. ఆ లోటు తీర్చడానికే ఈ నాలుగు మాటలు.

గోడను గుద్దుకున్నా గీత కూడా పడకుండా దూసుకుపోయే కారు ఆటలను ఈ శాస్త్రజ్ఞులు ఆటలుగా సైతం అంగీకరించరు. వారు గౌరవించేది నిజమైన కారు నడకను అచ్చంగా అనుకరించే సిమ్యులేటర్లను మాత్రమే. 1998లో వచ్చిన గ్రాండ్ ప్రి లెజెండ్స్ వీరికి మూలగ్రంథం. అది 1967 నాటి ఫార్ములా వన్ పందేలను చూపిన ఆట. ఆనాటి కార్లకు రెక్కలు లేవు కనుక గాలి వాటిని నేలకు అదిమిపెట్టేది కాదు. ఆ సంగతిని ఉన్నదున్నట్టు చూపిన పాపానికి, కొన్నవారిలో చాలామంది మొదటి మలుపే దాటలేక ఆటను మళ్లీ డబ్బాలో పెట్టేశారు. ఆ కష్టాన్ని ఈనాడు అత్యంత భక్తితో తలచుకొనేవారిలో అధికులు అప్పటికి పుట్టనివారే. తర్వాత 2008లో చందా కట్టించుకొని ఆడించే ఐరేసింగ్ వచ్చింది. ఇటలీకి చెందిన కూనోస్ సంస్థ 2014లో అసెట్టో కోర్సాను, 2019లో దాని తమ్ముడైన కాంపిటిజియోనేను విడుదల చేసింది. ట్రాకులను లేజరుతో కొలిచి, తారు మీది గతుకులను కూడా కంప్యూటరులోకి ఎక్కించడం ఈ ఆటల ప్రత్యేకత. బెల్జియంలోని స్పా ట్రాకులో ఫలానా మలుపు అంచుకట్ట ఉండవలసినంత ఎత్తు లేదని వాపోయే యువకుడు, ఆ వాపోవడం కోసం స్నేహితుడి గదికి వచ్చే దారిలో వరుసగా నాలుగు స్పీడు బ్రేకర్లను, మూత లేని మ్యాన్‌హోలును, రోడ్డుకు అడ్డంగా వేసిన పెళ్లి పందిరిని ఏ వ్యాఖ్యానమూ చేయకుండా దాటి వచ్చినవాడే.

జ్ఞానానికి ప్రమాణాలు, అంటే సాధనాలు, నాలుగని న్యాయదర్శనం పాటించే నైయాయికులు చెప్పారు: ప్రత్యక్షం, అనుమానం (హేతువును బట్టి తేల్చడం), ఉపమానం (పోలిక), శబ్దం (నమ్మదగినవారి మాట). వీటిలో ప్రత్యక్షాన్ని మన శాస్త్రజ్ఞులు మొదటే పక్కన పెట్టేశారు. కోట్ల రూపాయల విలువ చేసే జీటీ3 అనే తరగతి పందెం కారును నడిపినవారి సంగతి అలా ఉంచితే, దాని తలుపు తీసి చూసినవారు కూడా మన మధ్య లేరు. అలాగని నిజమైన ట్రాకు మరీ దూరమేమీ కాదు. శ్రీపెరుంబుదూరు దగ్గర ఇరుంగాట్టుకోట్టైలో 1990 నుంచీ ఒకటి ఉంది. చిత్తూరు నుంచి చెన్నైకి పోయే రహదారి దాని పక్కనుంచే వెళ్తుంది. కంచిలో పెళ్లి పట్టుచీరలు కొని, అటునుంచి చెన్నైలో బంధువుల ఇంటికి పోయే మనవాళ్లు దానిని ఎన్నిసార్లు దాటారో లెక్కలేదు. ఒక్కసారైనా లోపలికి వెళ్లి చూడలేదేమని నేను ఒక పండితుణ్ణి అడిగాను. అక్కడ ఎండ ఎక్కువగా ఉంటుందని ఆయన జవాబిచ్చారు. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ పందెం జరిగినప్పుడు కూడా వీరు కదలలేదు. విద్యుత్తుతో నడిచే కార్లకు చప్పుడు ఉండదు కాబట్టి అవి వాస్తవికమైనవి కావని తీర్మానించారు. నిజంగా జరుగుతున్న పందేన్ని అవాస్తవమని తేల్చడానికి ఎంత నిష్ఠ కావాలో పాఠకులే ఊహించుకోవాలి.

ప్రత్యక్షం లేనిచోట అనుమానమే దిక్కు. ఇందులో మన యువకులు చూపే ప్రజ్ఞ న్యాయసూత్రాలు రాసిన గౌతముణ్ణి సైతం అబ్బురపరచగలదు. ఐదు భాగాల తర్కమైన పంచావయవ వాక్యాన్ని వారు ప్రయోగించే తీరు ఇది. ఈ ఆటలో టైర్ మోడల్, అంటే టైరు నడతను కంప్యూటరు లెక్కగట్టే పద్ధతి, తప్పు: ఇది ప్రతిజ్ఞ. నా కారు గిర్రున తిరిగి గోడకు కొట్టుకొంది గనుక: ఇది హేతువు. నేను ఎక్కడెక్కడ తిరిగానో అక్కడక్కడల్లా టైర్ మోడల్ తప్పే, నిన్న ఇటలీలోని మోంజా ట్రాకులో జరిగినట్టు: ఇది ఉదాహరణ. ఇప్పుడు స్పాలోనూ తిరిగాను: ఇది ఉపనయం. కనుక టైర్ మోడల్ తప్పు: ఇది నిగమనం. ఈ వాక్యంలో హేత్వాభాస, అంటే హేతువులోని దోషం, ఎక్కడుందో చూపమంటే ఎవరూ చూపలేరు, ఎందుకంటే చూపబోయినవాణ్ణి గదిలోంచి పంపేస్తారు. అదే యువకుడు మరునాడు మొదటి స్థానంలో వస్తే, కొత్త అప్‌డేట్‌లో టైర్ మోడల్‌ను ఎట్టకేలకు సరిచేశారని ప్రకటిస్తాడు. ఆ అప్‌డేట్‌లో మార్చింది వర్షపు చినుకుల రంగు మాత్రమేనని ఎవరైనా గుర్తుచేస్తే, దానికీ టైరుకూ ఉన్న సంబంధాన్ని మరో అనుమాన వాక్యంతో నిరూపిస్తాడు.

నిజానికి టైరు చిన్న విషయం కాదు. మలుపులో టైరు తాను చూస్తున్న దిక్కుకే పోదు. రబ్బరు కొద్దిగా మెలిపడి, చక్రం చూసే దిక్కుకూ బండి పోయే దిక్కుకూ మధ్య చిన్న కోణం ఏర్పడుతుంది. ఆ కోణం పెరిగేకొద్దీ పట్టు పెరిగి, ఒక హద్దు దాటగానే తగ్గిపోతుంది. ఆ హద్దు టైరు వేడిని బట్టి, లోపలి గాలిని బట్టి, పైన పడే బరువును బట్టి మారుతూ ఉంటుంది. దీనిని లెక్కకట్టడానికి నెదర్లాండ్స్‌కు చెందిన పసేకా అనే ఆచార్యుడు రూపొందించిన సమీకరణానికి ఇంజనీర్లే మాయా సూత్రమని పేరు పెట్టారు. పాపం, అంతటి ఆచార్యుడు కూడా అది ప్రయోగాల కొలతలకు సరిపోయేలా కట్టిన సూత్రమేనన్నాడు గానీ పరమసత్యమనలేదు. కొర్లగుంటలో అటువంటి సంకోచాలేమీ లేవు. అక్కడ ఒక యువకుడు తన ఆటకారు టైర్లలో గాలి 27 పీఎస్ఐ దరిదాపుల నుంచి అర పాయింటు జారినా స్టీరింగులో తెలిసిపోతుందని నాతో గంటసేపు వాదించాడు. వాదం ముగిశాక మెట్లు దిగి, నున్నగా అరిగిపోయిన వెనక టైరున్న తన స్కూటీని తోసుకుంటూ పెట్రోలు బంకు దాకా నడిచాడు. గాలి కొట్టే కుర్రవాడు ఎంత పెట్టాలని అడిగితే, "ఏదో ఒకటి పెట్టన్నా" అన్నాడు.

చూపు విషయంలో వీరి నిష్ఠ ఇంకా కఠోరమైనది. తెర మీద ప్రపంచం ఎంత వెడల్పుగా కనిపించాలన్నది తెర పరిమాణాన్ని, కంటికీ తెరకూ మధ్య దూరాన్ని బట్టి లెక్కగట్టాలని సిద్ధాంతం. మా వీధిలో ఒక విద్యార్థి, వాళ్లమ్మ జాకెట్ల కొలతలకు వాడే టేపు తెచ్చి, ఒక కొసను కనుబొమల మధ్య అదిమిపెట్టుకొని, రెండో కొసను తెరకు ఆనించమని చెల్లెలిని నిలబెట్టి, ఊపిరి బిగబట్టి కొలుచుకొన్నాడు. లెక్క ప్రకారం సరైన చూపు పెట్టగానే ఎదురుగా గోడకు కొట్టిన రంధ్రంలోంచి చూసినంత ప్రపంచం మాత్రమే మిగిలింది. అద్దాలు పోయాయి, పక్కన వచ్చే కారు కనిపించడం మానేసింది. ఆ రోజు నుంచి అతడు ప్రతి పందెంలోనూ పక్క కారును గుద్దుతున్నాడు. అయితే గణితశాస్త్ర ప్రకారం సరిగ్గా గుద్దుతున్నాడు.

మడి ఆచారాల సంగతి రాయకపోతే ఈ శాస్త్రానికి అన్యాయం చేసినట్టవుతుంది. చక్రాలు బిగుసుకుపోకుండా కాపాడే ఏబీఎస్‌ను, అవి ఊరికే తిరిగిపోకుండా ఆపే ట్రాక్షన్ కంట్రోల్‌ను పెట్టుకొని ఆడేవారిని పంక్తిలో కూర్చోనివ్వరు. వాటిని తీసేసి నడిపినవాడే మడి కట్టుకున్నవాడు. ఫార్ములా వన్ వరకు ఈ ఆచారానికి ఆధారం ఉంది: అక్కడ 1994లో ఏబీఎస్‌ను, 2008 నుంచి ట్రాక్షన్ కంట్రోల్‌ను నిషేధించారు. కానీ వీరు రోజూ నడిపే జీటీ3 కార్లలో ఆ రెండూ కర్మాగారంలోనే బిగించి ఇస్తారు. నిజమైన పందెంలో నిజమైన చోదకులు వాటితోనే నడుపుతారు. ఈ లెక్కన వాటిని వాడుకొనే చంటిపిల్లవాడు వాస్తవికుడు, తీసేసి మడి కట్టుకున్న పండితుడు కల్పనావాది అవుతాడు. ఈ సంగతి ఒక సభలో ప్రస్తావించాను. నిజమైన చోదకులు కూడా ఈ మధ్య చెడిపోయారని జవాబు వచ్చింది.

ఉపమాన ప్రమాణం గురించి చెప్పడానికి ఎక్కువ లేదు: ఈ ఆట ఆ ఆటలాగా లేదని వీరు, ఆ ఆట ఈ ఆటలాగా లేదని వారు. శబ్ద ప్రమాణం మాత్రం ఆసక్తికరమైనది. విదేశీ చోదకుడెవరైనా ఆటను ఆడి, అచ్చం నా కారులాగే ఉందని వీడియోలో చెబితే, ఆయన ఆ సంస్థ దగ్గర డబ్బు తీసుకున్నట్టు లెక్క. నా కారులాగా లేదని చెబితే అది ఆప్తవాక్యం. ఆయన సగం ఉందని, సగం లేదని చెబితే, వీడియోను మధ్యకు కోసి ఇరువర్గాలూ పంచుకొంటాయి.

ఈ పరిస్థితుల్లో ఒక గదిలోకి అనుకోకుండా ప్రత్యక్ష ప్రమాణం నడిచివచ్చింది. ఏళ్ల తరబడి తిరుమల ఘాట్ రోడ్ల మీద ఆర్టీసీ బస్సు నడిపి పదవీ విరమణ చేసిన పెద్దాయన, ఆ ఇంటి అబ్బాయికి వరసకు పెదనాన్న, కాఫీ తాగడానికి వచ్చి స్టీరింగు ముందు కూర్చున్నారు. కుర్రవాళ్లు ఆయనకు జర్మనీలోని నూర్బర్గ్‌రింగ్ పెట్టి ఇచ్చారు.

"హారన్ యాడుంది నాయనా?"

"రేసులో హారన్ ఉండదు పెదనాన్నా."

"మలుపులో ఏం జేస్తారు మరి?"

దానికెవరూ జవాబు చెప్పలేదు. బ్రేకు పెడల్ రాయిలాగా ఉందని, డిపోలో అయితే బండిని తీయకుండా ఫిర్యాదు రాసిచ్చేవాణ్ణని ఆయన అన్నారు. అది ఎంత కదిలిందని కాక ఎంత బరువుతో తొక్కారని కొలిచే ఖరీదైన పెడల్ అని అబ్బాయి వివరించాడు. పెదనాన్న రెండో గేరు దాటకుండా, పల్లంలో ఇంజనుతోనే బండిని నిలదొక్కుకుంటూ, వెనక నుంచి వచ్చిన ప్రతి కారుకూ కుడిచేత్తో దారి చూపబోయి, ఆ చేయి తెరలోని వాళ్లకు కనిపించదని గ్రహించి నొచ్చుకుంటూ, మొత్తం చుట్టును ఒక్క గీత పడకుండా పూర్తి చేశారు. ఆ గదిలో అంతవరకూ ఎవరూ ఆ పని చేయలేదు. ఆయన వెళ్లాక సభ తీర్పు చెప్పింది: పెదనాన్నకు డ్రైవింగ్ రాదు.

ఇంటర్నెట్ తెగిపోవడం, చివరి చుట్టులో కరెంటు పోవడం వంటి చిన్న చిన్న కష్టాలను నేను ఇక్కడ ఏకరువు పెట్టను. ఒక్కటి మాత్రం చెప్పాలి. 2023 జనవరిలో కంప్యూటర్ మీద జరిగిన 24 గంటల లె మాన్స్ పందెంలో, అప్పటికే ఫార్ములా వన్‌లో రెండుసార్లు ప్రపంచ విజేత అయిన మాక్స్ వెర్‌స్టాపెన్ ముందు నడుస్తూ ఉండగా కనెక్షన్ తెగిపోయింది. ఆయన విసిగి తప్పుకున్నారు. ఆ వార్త వచ్చిన నాడు కొర్లగుంటలో పండగ చేసుకున్నారు. డ్రైవింగులో కాకపోయినా, నెట్‌వర్కులో తమకూ ప్రపంచ విజేతకూ తేడా లేదని ఆనాటితో రుజువైంది.

ఇంతటి వాస్తవికతా దాహం ఉన్న ఊరు ఇతరుల ట్రాకుల మీద ఆధారపడవలసిన అవసరం లేదని నా మనవి. నూర్బర్గ్‌రింగ్ ఉత్తర వలయం పొడవు 20.8 కిలోమీటర్లు. 2018లో ఒక పోర్షే కారు దానిని 5 నిమిషాల 20 సెకన్లలోపు చుట్టివచ్చింది. 1944లో వేసిన మన మొదటి ఘాట్ రోడ్డు, 1974లో వచ్చిన రెండవది పొడవులో దానికి మరీ తీసిపోవు. సమయం విషయంలో మాత్రం మన దృక్పథం వేరు: అలిపిరి దగ్గర చీటీ మీద సమయం వేయించుకొన్న బండి, పైకి 28 నిమిషాలకన్నా ముందు చేరినా, దిగేటప్పుడు 40 నిమిషాలకన్నా ముందు దిగినా జరిమానా కట్టాలని నిబంధన. వేగంగా వచ్చినవాడు ఓడిపోయే ఏకైక ట్రాకు చేతిలో ఉంచుకొని మనం బెల్జియం గతుకుల కోసం దుఃఖించడం భావ్యం కాదు.

కాబట్టి ఎవరైనా స్థానిక ఇంజనీరింగ్ విద్యార్థులు ఈ రెండు రోడ్లనూ లేజరుతో కొలిచి, పరిపూర్ణ వాస్తవికతతో ఒక సిమ్యులేటర్ తయారు చేయాలి. అందులో కారు ఏడు సీట్లది. దిగేటప్పుడు గుండ్లు చేయించుకున్న ఇద్దరు పిల్లలు, వారి అమ్మమ్మ, లడ్డూల సంచి లోపల ఉంటారు. సంచి ఎడమవైపు ఒరిగినప్పుడు బరువు పంపిణీ మారి, వెనక కుడి టైరు పట్టు ఎంత తగ్గుతుందో పసేకా సూత్రం ప్రకారం లెక్కకట్టాలి. పదో మలుపు దగ్గర పిల్లవాడికి కడుపులో తిప్పుతుంది. నిమ్మకాయ ఏ సంచిలో ఉందో చెప్పడానికి ప్రత్యేకంగా ఒక బటన్ ఉండాలి. ముందు బస్సు పోతూ ఉంటుంది. దాని వెనకే పోవాలి. బ్రేకులు వేడెక్కిన వాసన వచ్చే పరికరాన్ని విడిగా అమ్ముకోవచ్చు, దానిని ఈ వర్గంవారు వాయిదాల మీద తప్పక కొంటారు.

దీని మీద రాబోయే అభిప్రాయాలు కూడా నాకు ఇప్పుడే వినిపిస్తున్నాయి. అమ్మమ్మ మోడల్ బాగుంది గానీ లడ్డూల సంచి మరీ బరువుగా ఉందని ఒకరంటారు. బస్సును దాటే వీలు లేకపోవడం ఆటలో లోపమని మరొకరు, అదే దాని గొప్పతనమని, అయితే తాను మాత్రం ఆడనని ఇంకొకరు రాస్తారు. ఎవరో ఒక మేధావి రాత్రి రెండు గంటలకు లేచి, అమ్మమ్మను సెట్టింగుల్లో తీసేసి, కొండను 22 నిమిషాల్లో ఎక్కి, రికార్డు బద్దలుకొట్టానని వీడియో పెడతాడు. టోల్‌గేటు దగ్గర తెర మీద జరిమానా రసీదు వస్తుంది. అప్పుడతడు సంస్థకు ఉత్తరం రాస్తాడు: టైర్లలో లోపమేమీ లేదు, గడియారం మోడల్ తప్పు.