పాలంలో ఎండకు నిలబడ్డ లిబరేటర్

రెండో ప్రపంచ యుద్ధ కాలంలో అమెరికా 18 వేలకు పైగా బి-24 లిబరేటర్ బాంబర్లు తయారు చేసింది. ఇవాళ పూర్తి రూపంలో మిగిలినవి డజనుకు కాస్త అటూ ఇటూ. వాటిలో చాలావాటిని బతికించింది మన దేశమేనంటే ఎంతమంది నమ్ముతారు?

యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వైమానిక దళం ఈ విమానాల్ని కాన్పూర్‌లో వదిలేసింది. ఊరికే వదల్లేదు, అమెరికాతో ఉన్న ఒప్పందం ప్రకారం మళ్ళీ ఎవరికీ పనికిరాకూడదని ఇంజిన్లలో ఇసుక పోసి, మీటర్లు పగలగొట్టి మరీ వెళ్ళారు. 1948లో బెంగళూరు హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ మెకానిక్‌లు ఆ తుక్కులోకి దిగి, ఒకదాని భాగం ఇంకోదానికి బిగించి, ఎగరగలిగే స్థితికి తెచ్చారు. టెస్ట్ పైలట్ జంషెడ్ మున్షీ, అంతకుముందు ఆ రకం విమానం నడపకపోయినా, వాటిని ఒక్కొక్కటిగా బెంగళూరుకు తీసుకొచ్చాడు. అక్కడ పూర్తి మరమ్మతు చేసుకున్న సుమారు 40 లిబరేటర్లు 1968 దాకా మన వైమానిక దళంలో పనిచేశాయి, బాంబర్లుగానే కాదు, సముద్రం మీద నిఘాకు కూడా.

ఆ తర్వాత ఒకటి కెనడాకు, ఒకటి అమెరికాలోని టూసాన్‌కు, 1974లో ఇంకొకటి లండన్‌కు వెళ్ళాయి. ఆ మూడూ ఇప్పుడు మ్యూజియంలలో కప్పు కింద భద్రంగా ఉన్నాయి. మన వాటాగా మిగిలింది మాత్రం ఢిల్లీ పాలం మ్యూజియంలో ఆరుబయట ఉంది. మాకు బాధ కలిగించేది ఇదే.

పల్చటి అల్యూమినియం రేకుల్ని వేల రివెట్లతో కలిపి కట్టిన ఒళ్ళు అది. రేకు మీద రేకు కూర్చున్న అతుకులో వాన నీరు చేరితే, పైన రంగు నిగనిగలాడుతున్నా లోపల లోహం తెల్లటి పొడిగా మారిపోతుంది. ఏడాదికోసారి రంగు కొడితే ఆ జబ్బు ఆగదు, కనపడకుండా పోతుందంతే.

విశాఖ బీచ్ రోడ్డులో నౌకాదళం పాత నిఘా విమానం టీయూ-142ను ప్రదర్శనకు పెట్టుకున్న మనకూ ఇదే పాఠం వర్తిస్తుంది, అక్కడ వానకు తోడు ఉప్పుగాలి కూడా ఉంది.

పాలం లిబరేటర్‌కు ముందు ఒక షెడ్డు వేయాలి, అతుకులు విప్పి చూసే నిపుణుల్ని పెట్టాలి. దాని పక్కనే ఒక బోర్డు మీద కాన్పూర్ కథంతా, దొరికినంతమంది మెకానిక్‌ల పేర్లతో సహా, రాయించాలి.