ఏపుగానే ఉంది, పూయడమే తరువాయి

ఒక్క పువ్వూ లేని గులాబీ ముందు నిలబడి “అబ్బ, ఎంత ఏపుగా పెరిగిందండీ!” అని మెచ్చుకునే వాళ్లు ఉన్నంతకాలం ఆ మొక్క పూయదు. ఎందుకు పూయాలి? ఆకులకే ఇంత మర్యాద జరుగుతుంటే, మొగ్గ తొడిగి, రేకులు విప్పి, నాలుగు రోజుల్లో రాలిపోయే శ్రమ దానికెందుకు?

గోడ దాటింది. కిటికీని మూసేసింది. దండెం మీది బట్టలను పట్టుకుంటే వదలదు. పక్కనుంచి వెళ్లిన ప్రతి చొక్కా మీదా ముల్లుతో సంతకం పెడుతోంది. అయినా నీళ్లూ ఎరువూ వేళ తప్పకుండా అందుతున్నాయి. ఏ పనీ చేయకుండా పదవిలో కొనసాగడం ఎలాగో తెలుసుకోవాలంటే దీన్ని చూసి నేర్చుకోవాలి.

ఇలాంటి మొక్క చుట్టూ ఒక విచారణ సంఘం దానంతటదే వెలుస్తుంది. మొదటి సభ్యుడు టీ పిప్పి వేయమంటాడు. రెండో ఆయన కోడిగుడ్డు పెంకులు. ఆ పెంకుల్లోని కాల్షియం మట్టిలో కలిసేసరికి ఆయన సలహా ఇచ్చిన సంగతి ఆయనకే గుర్తుండదు. మూడో ఆవిడ ఎప్సమ్ సాల్ట్ అంటుంది. అది మెగ్నీషియం సల్ఫేట్. మట్టిలో మెగ్నీషియం తక్కువైతేనే దాని అవసరం. మట్టి సంగతి ఎవరు అడిగారు కనుక! నాలుగో సభ్యుడు మొక్కతో ప్రేమగా మాట్లాడమంటాడు. “మాట్లాడితే నెత్తికెక్కుతుంది, బెదిరించాలి” అని ఐదో సభ్యుడు. సంఘం చీలిపోతుంది.

చివరికి బెదిరింపు పక్షం నెగ్గుతుంది. ఇక హెచ్చరికలో ఏ మాట వాడాలన్న చర్చ. “పూయకపోతే పీకేస్తాం” అనేది మరీ మొరటుగా ఉందని కొందరి అభ్యంతరం. “పూయని పక్షంలో తగు చర్య తీసుకోబడును” అని సవరిస్తారు. గడువు పెట్టాలా వద్దా? పెడితే ఆ టెన్షన్‌కు, ఉన్న ఆకులు కూడా రాలతాయేమోనని మానేస్తారు. తీర్మానాన్ని మొక్క ముందు గట్టిగా చదివి వినిపిస్తారు. వారం తిరిగేసరికి మొక్క ఇంకో మూరెడు కొమ్మ వేస్తుంది. “చూశారా, స్పందించింది!” అని సంఘం సంతృప్తిగా ముగుస్తుంది.

ఈ గొడవంతటిలో నోరెత్తకుండా యూరియా తెచ్చేవాడు ఒకడుంటాడు. యూరియాలో 46 శాతం నత్రజని. నత్రజని ఎక్కువైతే మొక్క ఆకుల మీద పడుతుంది, పువ్వు మరిచిపోతుంది. లేత కొమ్మలు మెత్తగా సాగి, వాటి మీద రసం పీల్చే పేనుబంక పురుగు దిగుతుంది. పువ్వు రాలేదని వేసిన ఎరువుకు ఆకులొచ్చాయి కాబట్టి పని చేసినట్టేనని, ఇంకో దోసెడు. రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాల్సిన మొక్క చెట్టు నీడలో ఉందన్న ముక్క మాత్రం చర్చకే రాదు.

కత్తెర తీస్తే చాలు, “అయ్యో, పచ్చని కొమ్మను కోస్తారా!” అని గుండె బాదుకుంటారు. పొడవాటి కాడకు పెద్ద పువ్వు పూసే తోట గులాబీలను హైబ్రిడ్ టీ అంటారు, 1867 నాటి లా ఫ్రాన్స్ అనే రకాన్ని వాటిలో మొదటిదిగా చెబుతారు. ఆ జాతి అప్పుడూ ఇప్పుడూ కొత్త రెమ్మ కొసనే పూస్తుంది. పాతది కోయకుండా కొత్త రెమ్మ ఎక్కణ్ణుంచి రావాలి? దీనికి విరుగుడుగా ఇంకో రకం వీరులున్నారు, కనిపించినదల్లా నరుకుతారు. ఏడాదికొక్కసారే, పాత కాడల మీద పూసే తీగ గులాబీని సరిగ్గా పూతకు ముందు బోడి చేసి, గొడ్డు మొక్క అని పేరు పెడతారు. ఆ తీగనే నరకకుండా అడ్డంగా వంచి కడితే కాడ పొడవునా పక్క రెమ్మలు లేచి పూసేవి.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. ఇక నావల్ల కాదు. మనం కొనే గులాబీల్లో చాలావరకు అంటు మొక్కలు. పైన మీరు మనసుపడిన గులాబీ, కింద వేరు మాత్రం రోజా మల్టీఫ్లోరా లాంటి ఏదో మొండి జాతిది. ఆ రెండూ అతికిన అంటు ముడి కిందనుంచి ఆ వేరు సొంతంగా పిలకలు వేస్తుంది. మీ గులాబీకి చేరాల్సిన నీళ్లు, ఎరువు అవే తాగేస్తాయి. మీరు మెచ్చుకుంటున్న ఏపు ఆ పిలకలదయ్యా! అవి పూసినా ఏడాదికోసారి చిన్న చిన్న గుత్తులు పూస్తాయేమో. మీ గులాబీ మధ్యలో పుల్లలా ఎండి చస్తోంది, మీరేమో దాన్ని చంపేదాన్ని పొగుడుతున్నారు! సంఘంలో ఇంతమంది ఉన్నారు, ఒక్కరికీ నడుం వంగదా? మొదలు దగ్గర చూస్తే ఏది ఎక్కణ్ణుంచి లేచిందో తెలియదా? ఏడు చిట్టి ఆకులుంటే పిలక, ఐదుంటే అసలుది అని లెక్కలు చెప్పొద్దు. అసలు గులాబీల్లోనూ ఏడుండేవి బోలెడు. మట్టి తీసి చూడండి, అంతే.

పిలకను నేల మట్టానికి కోయకండి. అలా కోస్తే మిగిలిన మొదలు నుంచి ఒకటికి నాలుగు వస్తాయి. వేరు దగ్గర, అది పుట్టినచోట పట్టుకుని కిందికి లాగి ఊడబెరకండి. దళసరి గ్లౌజులు వేసుకోండి, సంతకాలు పెట్టడం దానికింకా గుర్తుంది. ముడి పైభాగం అప్పటికే చచ్చిపోయుంటే, మిగిలింది మీరు కొన్న మొక్క కాదు, దాన్ని వేళ్లతో సహా తవ్వి పారేయండి. ఈలోగా యూరియా డబ్బాతో గేటు తీసుకుని లోపలికొస్తున్న ఆ పెద్దమనిషిని ఎవరైనా ఆపండి.