సవరణ: ఎల్డెన్ రింగ్ ఎక్స్‌పాన్షన్ సలహా

ఎల్డెన్ రింగ్ వీడియో గేమ్‌కి వచ్చిన అదనపు భాగం 'షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ'కి వెళ్లాలంటే మోగ్ అనే బాస్‌ని (పెద్ద శత్రువుని) ఓడిస్తే చాలని, లోపల కష్టమైతే లెవెల్ పెంచుకోమని నిన్న రాశాను. రెండూ సరిచేస్తున్నాను. మోగ్‌తో పాటు రడాన్ అనే మరో బాస్‌ని కూడా ఓడించి ఉండాలి. ఆ తర్వాతే మోగ్ ఉన్న చోట గూడులోంచి వేలాడే ఎండిన చేతిని తాకితే దారి తెరుచుకుంటుంది.

రెండోదే ముఖ్యం. అక్కడ లెవెల్ కంటే, ఆ ప్రాంతంలోనే దొరికే స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్లు అనే వస్తువులే ఎక్కువ పనిచేస్తాయి. దొరికినవాటిని గ్రేస్ (ఆటలో విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర వాడితే మన దెబ్బ బలం పెరుగుతుంది, తగిలే దెబ్బ తగ్గుతుంది. ఇది ఆ ప్రాంతంలో మాత్రమే. గరిష్ఠంగా 20 స్థాయిలు. బాస్ దగ్గర ఇరుక్కుంటే ముందు మ్యాప్ తిరిగి ఇవి ఏరుకోండి.

రోల్ (దొర్లి దెబ్బ తప్పించుకోవడం) గురించి నిన్న రాసింది సరైనదే: వేసుకున్న కవచం, ఆయుధాల బరువు పాత్ర మోయగలిగినదానిలో 70 శాతం లోపే ఉంచండి. 71 దగ్గర మొద్దుగా దొర్లుతున్న నా పాత్ర, హెల్మెట్ తీయగానే చురుగ్గా తప్పించుకుంది. నా మాట నమ్మి లెవెల్స్ కోసం గంటలు పోగొట్టుకున్నవాళ్లు క్షమించాలి.