కోడ్‌లో తప్పు లేదు, చిప్ కాలిపోలేదు, మరి పిన్ మీద ఆ క్లాక్ ఎక్కడిది?

ఒక్క బిట్ కోసం రెండు రోజులు పోయాయి, అందులో ఒక ఆదివారం కూడా. ఆ కోపంలోనే రాస్తున్నా.

మా బామ్మర్ది ఇంట్లో ఓవర్‌హెడ్ ట్యాంకుకి పోయినేడు ఒక కంట్రోలర్ చేసిచ్చాను. మనం రాసిన కోడ్‌ని నడిపే ఏటీమెగా 328పీ మైక్రోకంట్రోలర్ చిప్, దానికి క్లాక్ (నడక తాళం) ఇచ్చే 16 మెగాహెర్ట్జ్ క్రిస్టల్, ట్యాంకు నిండగానే రిలే (మోటారుని ఆన్, ఆఫ్ చేసే స్విచ్) ఆఫ్ అయ్యి మోటారు ఆగుతుంది. ఇప్పటిదాకా ఒక్క కంప్లయింట్ లేదు. "బావా, పక్కింటివాళ్లూ అడుగుతున్నారు, ఇంకో రెండు చేసిపెట్టు" అన్నాడు. సరేనని కోఠి వెళ్లి కొత్త చిప్‌లు తెచ్చా. అదే బోర్డు, అదే కోడ్. పవర్ ఇవ్వగానే రిలే టక్కున పడింది, ఇక వదల్లేదు. రెండు బోర్డులూ అంతే.

రిలేకి వాడింది చిప్‌లో పీబీ0 అనే పిన్, ఆర్డినో (ఈ చిప్‌లని ప్రోగ్రామ్ చేసే సాఫ్ట్‌వేర్) లెక్కలో 8వ పిన్. మీటర్ పెడితే దాదాపు రెండున్నర వోల్టులు, అటు ఐదూ కాదు ఇటు సున్నా కాదు. టంకం ఎక్కడైనా అంటుకుందేమోనని భూతద్దం పెట్టి చూశా. కోడ్ మొత్తం తీసేసి ఆ పిన్‌ని లో చేసే లైను ఒక్కటే ఉంచినా అదే రెండున్నర. తెలిసినవాళ్లని అడిగితే అందరిదీ ఒకటే మాట, "డూప్లికేట్ చిప్ అయ్యుంటుంది, మార్చేయ్". ఒక్కరు కూడా ఆ పిన్ మీద అసలేం వస్తోందని అడగలేదు.

పిన్ మీద సిగ్నల్ హైయా లోనా అని రికార్డ్ చేసే చవక లాజిక్ అనలైజర్ ఒకటి ఉంది నా దగ్గర, సెకనుకి 24 మిలియన్ శాంపిల్స్ తీస్తుంది. తగిలిస్తే స్క్రీన్ నిండా పల్స్‌లే, ఫ్రీక్వెన్సీ 8 మెగాహెర్ట్జ్. నేను దారి తప్పింది ఇక్కడే. ఈ చిప్‌లో లోపలుండే ఆర్‌సీ ఆసిలేటర్ (క్రిస్టల్ లేకుండానే క్లాక్ ఇచ్చేది) కూడా 8 మెగాహెర్ట్జే కదా, అంటే క్రిస్టల్ పని చేయట్లేదు, చిప్ లోపలి క్లాక్ మీద నడుస్తోంది అనుకుని క్రిస్టల్ మార్చా, దాని పక్కనున్న 22 పికోఫారడ్ కెపాసిటర్లూ మార్చా. ఏం లాభం లేదు. పైగా చిప్ నుంచి కంప్యూటర్‌కి వెళ్లే సీరియల్ లైన్ మీద 9600 వేగంలో అక్షరం పొల్లుపోకుండా వస్తోంది, క్లాక్ సగానికి పడిపోతే అలా రావడం కుదరదు.

సాయంత్రం ఫ్రెండ్ దగ్గరికి వెళ్లి ఆసిలోస్కోప్ పెడితే తేలింది, అది 16 మెగాహెర్ట్జ్. శాంపిల్ రేటు సిగ్నల్‌కి కనీసం రెండింతలు మించి ఉండాలన్న సంగతి పుస్తకంలో చదివిందే. 16ని 24తో కొలిస్తే ఆ రెంటికీ తేడా అయిన 8 కనిపిస్తుంది, నిజమైన సిగ్నల్ లాగే కనిపిస్తుంది. ఎంత జాగ్రత్తగా చూసినా అనలైజర్‌తో తేలదు, ఎందుకంటే ప్రతి మూడు శాంపిల్స్‌లో రెండు ఒకవైపు, ఒకటి ఇంకోవైపు పడుతున్నాయి, నిజంగా 8 మెగాహెర్ట్జ్ ఉన్నా 24తో కొలిస్తే అలాగే పడతాయి.

అప్పుడు రీసెట్ పిన్‌ని గ్రౌండ్‌కి తగిలించి పట్టుకున్నా. రీసెట్‌లో ఉన్నప్పుడు ప్రోగ్రామ్ అన్నదే నడవదు, పిన్‌లన్నీ ఊరుకోవాలి. స్కోప్ మీద 16 మెగాహెర్ట్జ్ అలాగే ఉంది. కోడ్ మీద అనుమానం ఆ క్షణంలోనే పోయింది. రిలే ఎందుకు వదల్లేదో కూడా అర్థమైంది, ఆ పిన్‌కీ రిలేకీ మధ్యనున్న బీసీ547 ట్రాన్సిస్టర్ ఒకసారి పూర్తిగా ఆన్ అయ్యాక ఆ వేగంలో ఆఫ్ అయ్యేలోపే మళ్లీ పల్స్ వచ్చేస్తోంది.

ఫ్యూజ్‌లు (కరెంటు ఫ్యూజ్‌లు కాదు, క్లాక్ లాంటివి ఎలా ఉండాలో చిప్‌లో విడిగా రాసిపెట్టే సెట్టింగ్ బిట్స్) చదివితే లో ఫ్యూజ్ హెక్సాలో బీఎఫ్ అని ఉంది. ఉండాల్సింది ఎఫ్ఎఫ్. తేడా అల్లా 6వ బిట్, సీకేఔట్. అది సున్నా అయితే సిస్టమ్ క్లాక్ పీబీ0 మీదికి వస్తుంది, మన కోడ్ ఆ పిన్‌కి ఏం చెప్పినా చెల్లదు, రీసెట్‌లోనూ ఆగదు. డేటాషీట్‌లో స్పష్టంగా రాసే ఉంది. ఏవీఆర్ (ఈ చిప్ కుటుంబం) ఫ్యూజ్‌లలో సున్నా అంటేనే ఆన్ చేసినట్టు, చాలామంది తికమకపడేది దీని దగ్గరే.

పోయినేటి బోర్డుకి ఆర్డినోలోంచే బూట్‌లోడర్ (కోడ్‌ని చిప్‌లోకి ఎక్కించే చిన్న ప్రోగ్రామ్) వేశా, ఫ్యూజ్‌లు అదే సరిగ్గా రాసుకుంది. ఈసారి వాట్సాప్ గ్రూప్‌లో ఎవరో పెట్టిన బ్యాచ్ ఫైల్ వాడా. దాంట్లో ఉంది ఈ బీఎఫ్. పెట్టినాయన్ని అడిగితే, ఆయన ఒకే క్రిస్టల్‌తో రెండు చిప్‌లు నడుపుతున్నారట, మొదటి చిప్ క్లాక్ రెండోదానికి ఇస్తున్నారు. ఆయన అవసరానికి అది నూటికి నూరు పాళ్లు కరెక్టే. కానీ ఆ ఒక్క ముక్క ఫైల్ పక్కన రాస్తే ఏం పోయింది? ఫ్యూజ్ విలువని మందు చీటీలా చేతులు మారుస్తున్నారు, ఏ రోగానికో ఎవరూ చెప్పరు. తీసుకునేవాళ్లం కూడా, నాతో సహా, రాసే ముందు ఉన్న విలువ చదివి పక్కన పెట్టుకోం. అరనిమిషం పని. కాలేజీ ల్యాబ్‌లోనూ మాకు ఫ్యూజ్ బిట్స్ దగ్గరికి రాగానే "ఇది పరీక్షకి రాదు" అని పేజీ తిప్పేశారు.

వేరే చిప్‌లు వాడేవాళ్లకీ ఇది ఉంది. పిక్ 16ఎఫ్628ఏ చిప్‌లో కాన్ఫిగ్ బిట్స్‌లో (ఫ్యూజ్‌ల లాంటివే) క్లాక్ ఔట్ ఎంచుకుంటే ఆర్ఏ6 పిన్ మీద నాలుగో వంతు క్లాక్ వస్తుంది, లోపలి 4 మెగాహెర్ట్జ్‌కి 1 మెగాహెర్ట్జ్. ఎస్‌టీఎం32 చిప్‌లలో పీఏ8 పిన్ మీద ఎంసీవో (క్లాక్‌ని బయటికిచ్చే ఏర్పాటు) ఉంటుంది, కాకపోతే దాన్ని ఆన్ చేసేది కోడే, కాబట్టి రీసెట్ పట్టుకుంటే మాయమవుతుంది. అక్కడ కోడ్‌లోనే వెతకాలి.

ఎఫ్ఎఫ్ రాశాక రెండు బోర్డుల్లో రిలే వెంటనే వదిలేసింది. ఈ సంగతి తెలిసి ఆ వాట్సాప్ గ్రూప్‌లో ఒకతను, పోయిందని డబ్బాలో పడేసిన నాలుగు చిప్‌లు చదివి చూస్తే మూడింటిలో బీఎఫ్ ఉందని రాత్రి మెసేజ్ పెట్టాడు.